చాప మీద పిల్లాడు, పది మంచాల ఇల్లు

ప్రశ్న: మాది తణుకు. మావారు తూర్పు ఉగాండాలో జింజా దగ్గర ఒక పంచదార మిల్లులో కెమిస్టు. నేను బీపీటీ చదివి ఆరేళ్ళు ఫిజియోథెరపిస్టుగా చేశాను. రెండేళ్ళ క్రితం డిపెండెంట్ పాస్ మీద ఇక్కడికి వచ్చి ఇంట్లోనే ఉంటున్నాను. మా ఇంట్లో ఉండి పనిచేసే ఆవిడ కొడుక్కి ఆరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలిక అదుపు తప్పడం). మయూగె వైపు ఒక పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఒక ఆదివారం ఆవిడతో వెళ్ళాను. చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అమ్మమ్మ అలాగే పడుకోబెట్టి పలచటి గంజి పోస్తుంటే పొలమారుతున్నాడు. ఎముకల గూడు. అదే పల్లెలో సూది వేయించుకున్నాక కాలు ఈడుస్తున్న పిల్లాణ్ణీ, మూర్ఛ వచ్చి పొయ్యిలో పడి చెయ్యి కాలిన అమ్మాయినీ చూశాను. నిద్ర పట్టలేదు. కంపాలాలోని తెలుగు కుటుంబాలు చందాలు ఇస్తామన్నాయి. ఒక ఇల్లు అద్దెకి తీసుకుని పది మంచాలు వేసి, ఫిజియోథెరపీ గది పెట్టి, ఇలాంటి పిల్లల్ని అక్కడే ఉంచి చూసుకోవాలని నా ఆలోచన. హైదరాబాద్ స్నేహితులు పాత వీల్‌చైర్లు పంపుతామన్నారు. ఇక్కడివాళ్ళకి మూఢనమ్మకాలు ఎక్కువ, తల్లులు కూడా సరిగ్గా పట్టించుకోరు. మావారు "మనకెందుకు" అంటున్నారు. మీరు అనంతపురంలోనూ ఉగాండాలోనూ ఈ పనే చేశారని చదివాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం చదువుతూ రెండు చోట్ల ఆగాను. అమ్మమ్మ గంజి పోస్తుంటే పిల్లాడు పొలమారుతున్నాడు అన్నచోట ఒకసారి, పది మంచాలు అన్నచోట ఇంకోసారి. మీరు అడిగింది మంచాల సంగతి. నేను గంజి దగ్గర మొదలుపెడతాను. అది వచ్చే ఆదివారమే కావలసిన పని. మంచాలకి తొందరేం లేదు, ఆ మాటకొస్తే అవసరమూ లేదు.

ఆ పెద్దావిడ చాప మీద గోడకి ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంటుంది కదా, అక్కడ ఆడవాళ్ళు కూర్చునే తీరే అది. ఆ కూర్చున్న తీరు మార్చకండి. పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళోనే అడ్డంగా కూర్చోబెట్టించండి. ఆవిడ ఒక మోకాలు కొంచెం పైకి లేపితే వాడి తొడల కింద ఆనిక దొరికి నడుము దగ్గర వంగుతాడు. నడుము వంగితే ఆ విల్లులాగా వెనక్కి విరుచుకోవడం సగం తగ్గుతుంది. ఆవిడ మోచెయ్యి వాడి భుజాల వెనక ఉండాలి, తల వెనక కాదు. గడ్డం కొద్దిగా కిందికి. చెంచా పై నుంచి పోయకుండా ఎదురుగా తెచ్చి, నాలుక మధ్యలో ఆనించి, వాడు పెదాలు మూసేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. మొదటిరోజు నాలుగు చెంచాలకి పావుగంట పడుతుంది. గంజి పలచగా ఉంటే గొంతులోకి జారిపోతుంది, చెంచా వంచితే ముద్దలా మెల్లగా జారేంత చిక్కగా కాయించండి. అందులో వేరుశనగ ముద్ద ఒక చెంచా కలపమనండి. వేరుశనగ లేని ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు. విక్టోరియా సరస్సు పక్కనే ఉన్నారు గనక ముకెనె దొరుకుతుంది, అదే మన ఎండు మెత్తళ్ళలాంటి చిన్న ఎండుచేప. దాన్ని పొడి కొట్టి కలిపితే ఇంకా మంచిది. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. తిన్నప్పుడల్లా దగ్గుతూ, జ్వరం కూడా వస్తుంటే మాత్రం ఇంటి వైద్యం చాలదు, హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాల్సిందే.

ఇవన్నీ మీకు తెలియనివి కావు. కాలేజీలో చెప్పనిది ఒకటుంది. పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళోంచి మీరు తీసుకోకూడదు. నాకు ఇది తెలియడానికి రెండేళ్ళు పట్టింది. నా చేతుల్లో పిల్లలు చక్కగా తినేవాళ్ళు, చూసినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు, నేను బస్సెక్కగానే మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టి పోసేవాళ్ళు. నాతోపాటు తిరిగే ఒక ముసలి మేస్త్రీ "అమ్మా, నువ్వు చేసి చూపిస్తే అది నీ పనే అవుతుంది. వాళ్ళ చేత చేయిస్తేనే వాళ్ళదవుతుంది" అన్నాడు. అప్పటినుంచి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆవిడ తప్పుగా పడితే మాటతో చెప్పండి, చేత్తో సరిచేయకండి. భాష రాకపోతే ఒక బొమ్మనో, దిండునో ఒళ్ళో పెట్టుకుని చూపించండి.

వెంట ఒక వేలాడే తూకం కూడా తీసుకెళ్ళండి. నెలకోసారి బరువు రాసుకోండి. ఎందుకు ఇంత పట్టుగా చెబుతున్నానంటే, మీరున్న చోటికి పక్కనే ఇగంగా, మయూగె ప్రాంతంలో 2015లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశారు. పిల్లల్లో వెయ్యికి దాదాపు ముగ్గురికి సెరిబ్రల్ పాల్సీ ఉందని తేలింది. వయసు పెరిగేకొద్దీ లెక్కలో పిల్లలు తగ్గుతూ వచ్చారు. బాగైపోయి కాదు. ఆ పిల్లల్ని తర్వాత కొన్నేళ్ళు గమనిస్తే, మిగతా పిల్లలకంటే వీళ్ళలో చావులు పాతిక రెట్లు ఎక్కువగా కనిపించాయి. తిండి చాలక నీరసించిన ఒంటికి మలేరియా, న్యుమోనియా సోకితే తట్టుకోలేరు. కాబట్టి కాళ్ళు సాగదీసే వ్యాయామం రెండో నెలలో నేర్పవచ్చు, ముందు వాడి బరువు పెరగాలి.

ఇక పది మంచాల ఇల్లు.

మీ ఆలోచన కొత్తది కాదు, దాని వెనక ఉన్న మనసునీ తప్పు పట్టను. ఆఫ్రికాలో వికలాంగుల సేవ చాలాచోట్ల అలాగే సాగింది. జింబాబ్వేలో జైరస్ జిరి అనే ఒక మామూలు పనివాడు, ఇతరుల తోటల్లో పనిచేసుకుంటూ, బులవాయో వీధుల్లో అడుక్కుంటున్న వికలాంగుల్ని చూసి ఊరుకోలేక 1950లో ఒక సంఘం పెట్టాడు. అది వర్క్‌షాపులు, హాస్టళ్ళు, బడులుగా పెరిగి దేశమంతా పాకింది. గొప్ప మనిషి. కానీ ఆ హాస్టళ్ళ గోడల మధ్య పెరిగినవాళ్ళే కొన్నాళ్ళకి "మాకు జాలి వద్దు, మా సంగతి మేం తేల్చుకుంటాం" అని సంఘం కట్టారు. పోలియో వచ్చి చక్రాల కుర్చీలో ఉన్న జాషువా మలింగా ఆ గుంపులోంచి వచ్చినవాడే. తర్వాత బులవాయోకి మేయరయ్యాడు. మంచం ఇచ్చి పడుకోబెట్టినవాళ్ళని కాదని బయటికి వచ్చినవాళ్ళ కథ అది.

ఇంకో చిక్కు లెక్కల్లో ఉంది. 1978లో కజకిస్తాన్‌లోని ఆల్మా ఆటాలో ప్రాథమిక ఆరోగ్యం మీద చాలా దేశాలు కలిసి ప్రకటన చేసినప్పుడు, పునరావాసం సంగతీ చర్చకు వచ్చింది. ఆసుపత్రి రాజధానిలో ఉంటుంది, చదువుకున్న ఫిజియోథెరపిస్టులు దేశం మొత్తానికి వేళ్ళ మీద లెక్క, పిల్లలేమో వేల పల్లెల్లో. ఎన్ని మంచాలు వేసినా అందనిది ఈ పని. అందుకే ఇంట్లోవాళ్ళకీ ఊరివాళ్ళకీ నేర్పే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టింది. ఆ పద్ధతిని తయారుచేసినవాళ్ళలో పద్మణి మెండిస్ అనే శ్రీలంక ఫిజియోథెరపిస్టు ఒకావిడ. మీ వృత్తే. దీనికి కాగితాల్లో "సముదాయ ఆధారిత పునరావాసం" అని పేరు. పాతికేళ్ళలో ఆ మాట ఏ పల్లెలోనూ ఎవరి నోటా వినలేదు గనక మనం కూడా అందరిలాగా దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో సీబీఆర్ అనే అందాం.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రంలో, నేను పనిచేసిన సంస్థ నా పట్టుదల మీదే ఒక గది కట్టింది. ప్యారలల్ బార్లు (పట్టుకుని నడక నేర్చుకునే జంట కమ్మీలు), అద్దం, నీలం పరుపులు. మొదటి ఆరు నెలలు ఫొటోల నిండా పిల్లలే. తర్వాత ఆటో ఛార్జీ ఎవరిస్తారు, కూలి పోతే ఎవరిస్తారు? వేరుశనగ పీకే రోజుల్లో ఒక్కరూ రాలేదు. నాలుగేళ్ళ కిందట అటువైపు వెళితే గదిలో ఎరువుల బస్తాలున్నాయి, ప్యారలల్ బార్ల మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. అదే జిల్లాలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టి నడిపిస్తున్నది చూశాక బుద్ధి వచ్చింది. వికలాంగుడికి దగ్గరలో ఉండాల్సింది గది కాదు, సాటి మనిషి. ఇంటి దూలానికి కట్టిన రెండు వెదురు బొంగులు నా స్టీలు బార్లకంటే ఎక్కువ మందిని నడిపించాయి.

మీ పది మంచాల ఇంట్లో ఇంకొకటి జరుగుతుంది. పిల్లాడు మీ దగ్గర బాగుంటాడు. వాడు లేని ఇంట్లో వాడి చోటు పూడిపోతుంది. పండక్కి ఇంటికి పంపితే వాణ్ణి ఎలా ఎత్తుకోవాలో అక్కడెవరికీ తెలియదు. మీవారికి బదిలీ అయిందని మీరు ఒకరోజు సామాను సర్దుకుంటారు చూడండి, అప్పుడు పది మంది పిల్లల్ని ఎవరికి అప్పజెబుతారు?

తల్లులు పట్టించుకోరు అని రాశారు. ఈ మాట దగ్గర కొంచెం కటువుగా ఉంటాను, అక్కలాంటిదాన్ని గనక మన్నించండి. ఆ పిల్లాడి తల్లి వారానికి ఆరు రోజులు ఎవరింట్లో ఉంటోంది? మీ ఇంట్లో. మీకు వంట చేసి, మీ బట్టలు ఉతికి, ఆ జీతంతో అమ్మమ్మకి గంజి పిండి పంపుతోంది. పట్టించుకుంటోంది గనకే వాణ్ణి వదిలి వచ్చింది. పది మంచాలకి చందాలు పోగుచేసే ముందు ఆవిడకి వారం మధ్యలో ఇంకో రోజు సెలవివ్వండి, జీతం కోయకుండా. రానూపోనూ బోడాబోడా బైకు ఖర్చు మీరే పెట్టుకోండి. మీరు ఆఫ్రికాలో మొదలుపెట్టే సీబీఆర్ మీ వంటింట్లోంచే మొదలవుతుంది. ఇది చెబితే మీవారు కూడా కాదనరు.

మూఢనమ్మకాల మాట కూడా. అక్కడ శాపమనీ చేతబడి అనీ అంటారు, నిజమే. మనవైపు పెదవి చీలి పుడితే ఇవాళ్టికీ గ్రహణం మొర్రి అనే అంటాం. కడుపుతో ఉన్న అమ్మాయి గ్రహణం నాడు కత్తి పట్టుకుందా అని ఆరా తీస్తాం. పూర్వజన్మ పాపం అని చదువుకున్నవాళ్ళే అంటారు. పేర్ల విషయంలోనూ అంతే. లుగాండా భాషలో చిన్న వస్తువుల్ని చెప్పే మాటలకి ముందు "క" చేరుతుంది. చెవిటి మనిషిని "కసిరు" అన్నప్పుడు ఆ "క" మనిషిని వస్తువుగా మార్చేస్తుందని అక్కడి వికలాంగ నాయకులు గట్టిగా పోట్లాడారు. మనకి ఆ బాధ అర్థం కాకపోవడమేముంది, ఊళ్ళో మనిషి పేరు ముందు కుంటి, గుడ్డి తగిలించి పిలవడం విని పెరిగినవాళ్ళమే. (దివ్యాంగులు అనే మాట నాకు నోరు తిరగదు. దివ్యత్వం సంగతి తర్వాత, ముందు ర్యాంపు వేయండి అని నవ్వేవాడు మా సంఘం అధ్యక్షుడు.)

మీరు ఆ తల్లిని పిలిచేటప్పుడు పేరు పెట్టి కాకుండా "మామా" అని, అంటే అమ్మ అని, కొడుకు పేరు కలిపి పిలవండి. అక్కడ గౌరవం అదే. కదలలేని కొడుకు పేరుతో ఊళ్ళో అందరి ముందూ ఒక విదేశీ ఆవిడ తల్లిని పిలిస్తే ఏమవుతుందో చూడండి. నేను చూశాను. పక్కింటివాళ్ళు వాడికి పేరుందని అప్పుడే తెలుసుకున్నారు.

ఇక మీరు అనుకుంటున్నంత ఖాళీ స్థలం కాదు ఉగాండా. 1987లోనే అక్కడ వికలాంగుల సంఘాలన్నీ కలిసి నుడిపు అనే జాతీయ సమాఖ్య కట్టుకున్నాయి. 1992లో ప్రభుత్వం నార్వే వికలాంగుల సంఘం సాయంతో సీబీఆర్ కార్యక్రమం మొదలుపెట్టింది. మీకు తూర్పున కెన్యా సరిహద్దులో ఉన్న టొరోరో జిల్లాని తర్వాత నమూనాగా తీసుకుని నడిపారు. అక్కడి పార్లమెంటులో వికలాంగులకి ప్రత్యేకంగా ఐదు సీట్లున్నాయి. మన పార్లమెంటులో ఒక్కటీ లేదు. సబ్ కౌంటీ (మన మండలంలాంటిది) కౌన్సిల్ నుంచి జిల్లా కౌన్సిల్ దాకా ఒక ఆడ, ఒక మగ వికలాంగ సభ్యులు తప్పనిసరి. 1997లో ఉచిత ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు ఇంటికి నలుగురు పిల్లలనే నియమం పెట్టి, అందులో వికలాంగ పిల్లలకి ముందు చోటు ఇవ్వమన్నారు. కాగితం మీద ఇంత అందమైన దేశం ఇంకోటి లేదని నేను అనేదాన్ని. నిధులు మాత్రం వచ్చినన్నాళ్ళు వచ్చాయి, విదేశీ డబ్బు తగ్గినచోట బండి నెమ్మదించింది.

అందుకే మీ మొదటి ప్రయాణం కంపాలాలోని తెలుగు సంఘానికి కాదు. ఆ పల్లె ఉన్న సబ్ కౌంటీ ఆఫీసుకి వెళ్ళి కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఆఫీసర్ ఎవరో కనుక్కోండి. సీడీఓ అంటే ఎవరైనా చూపిస్తారు. ఆయనకి చేతినిండా పని, చేతిలో పైసా ఉండదు, మోటారుసైకిల్ ఉన్నా పెట్రోలుండదు. ఆయన్ని తిట్టుకోకండి. ఆయన ద్వారా ఆ ఇద్దరు వికలాంగ కౌన్సిలర్లని కలవండి. ఊళ్ళో ఎల్‌సీ వన్ ఛైర్మన్‌కి, అంటే మన సర్పంచిలాంటాయనకి, ముందుగా నమస్కారం పెట్టకుండా ఏ ఇంట్లోనూ అడుగు పెట్టకండి. విలేజ్ హెల్త్ టీమ్ అని మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళు ఉంటారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్ళకి తెలుసు. మీరు మూడు ఇళ్ళు చూశారు, వాళ్ళనడిగితే ఇంకో పది చెబుతారు.

ఇంకో ముఖ్యమైన మాట. డిపెండెంట్ పాస్ మీద ఉండి మీరు అక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేయకూడదు, జీతం తీసుకోకపోయినా చిక్కే. వర్క్ పర్మిట్ కావాలి, అక్కడి అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్స్ కౌన్సిల్‌లో మీ డిగ్రీ నమోదు కావాలి. ఆ ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. ఈలోగా ఆ ఇంటికి చుట్టంగా వెళ్ళండి. అక్కడి హెల్త్ సెంటర్ వాళ్ళతో, ఇప్పటికే నమోదై ఉన్న సంస్థల వాళ్ళతో కలిసి వెళ్ళండి. మీవారి భయం ఇదే అయితే ఆయన మాటలో న్యాయం ఉంది.

ఆ కాలు ఈడుస్తున్న పిల్లాడి సంగతి. సూది తర్వాత అన్నారు కాబట్టి, పిరుదు మీద క్వినైన్ సూది వేసినప్పుడు నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. ఉగాండాలో ఇది చాలామంది పిల్లల్లో ఉంది. మీకు ఉత్తరాన కుమి ప్రాంతంలో ఇంకో రకం చూశారు. పదేపదే సూదులు పడి పిరుదు కండరం తాడులా గట్టిపడి, పిల్లలు గొంతుక్కూర్చోలేరు, బడిలో బెంచీ మీద మోకాళ్ళు దగ్గరకి చేర్చి కూర్చోలేరు. కొందరికి ఆపరేషనే దారి. మీరు చూసి, నరమా కండరమా తేల్చి, ఎంటెబె రోడ్డులో కిసుబి దగ్గరున్న కోర్సు (CoRSU) అనే ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయండి. ఇంటి దగ్గరే అన్నీ అయిపోతాయని సీబీఆర్ ఎప్పుడూ చెప్పలేదు. పాదాలు లోపలికి తిరిగి పుట్టిన పిల్లలకి కూడా అంతే. ఉగాండాలో పొన్సెటి పద్ధతిలో వారానికోసారి పిండికట్లు మారుస్తూ ఐదారు వారాల్లో పాదం తిప్పేస్తారు, డాక్టరు కాని ఆర్థోపెడిక్ ఆఫీసర్లే చేస్తారు. ఆ తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు బూట్ల పట్టీ వేయాలి. కట్టు కట్టడం సులువు. రెండో ఏడు కూడా ఆ పట్టీ వేస్తున్నారా అని ఇంటికెళ్ళి చూసేవాళ్ళే కావాలి. మీ తెలుగు సంఘం డబ్బు ఇక్కడ పనికొస్తుంది. ఆసుపత్రి ఫీజుకంటే బస్సు ఛార్జీ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మంచాలు కొనే డబ్బుతో ఎన్ని ప్రయాణాలవుతాయో లెక్కవేయండి.

ఊరివాళ్ళకి ఇంకోటి చెప్పించండి, జ్వరం రాగానే సూది వేయమని పట్టుబట్టవద్దని. ఇది చెప్పడానికి మనకి నోరు రాదు. సూది వేయని ఆర్‌ఎంపీ డాక్టరు డాక్టరే కాదనుకునే ఊళ్ళలోంచే మనమూ వచ్చాం.

పొయ్యిలో పడ్డ అమ్మాయికి ముందు కావలసింది వ్యాయామం కాదు, మందు. మూర్ఛ మందులు ఖరీదైనవి కావు. హెల్త్ సెంటర్‌లో ఉన్ననాళ్ళు ఉంటాయి, లేనినాళ్ళు ఉండవు. ఆగిపోతే ఫిట్లు ఇంకా ఎక్కువవుతాయి. ఆ ఊళ్ళో మూర్ఛ అంటుకుంటుందని, నోటి నురగ తగిలితే వస్తుందని చాలామంది నమ్ముతారు. అందుకే మంటలో పడ్డా పట్టుకుని లాగడానికి జంకుతారు. అందరి ముందూ ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఒకే పళ్ళెంలో మీరు తినండి. వంద మాటలకంటే అది త్వరగా చేరుతుంది. మూడు రాళ్ళ పొయ్యి చుట్టూ మోకాలెత్తు మట్టి గోడ పెట్టించండి. మా గుంటూరు మేనత్త ఇంట్లో దాలిగుంటకి పెట్టినట్టు.

మీ పిల్లాడి కుర్చీ సంగతి చెప్పి ముగిస్తాను, ఇందులోనే నాకు ఎక్కువ సరదా. జింబాబ్వేలో పుట్టిన ఒక పద్ధతి ఉంది, కాగితంతో కుర్చీలు చేయడం. నవ్వకండి. పాత అట్టపెట్టెలు విప్పి, గీతలు అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి వచ్చేట్టు పొరలు పేరుస్తారు. మధ్యలో పిండి ఉడికించిన జిగురు. మనవైపు సినిమా పోస్టర్లు అంటించడానికి మైదా ఉడికిస్తారే, అదే. అక్కడ కర్రపెండలం పిండితో కూడా కుదురుతుంది. పది పన్నెండు పొరలయ్యాక పైన బరువు పెట్టి ఎండలో వదిలేస్తే చెక్కలా గట్టిపడుతుంది. రంపంతో కోయవచ్చు. ముక్కలు కలిపి, మూలల దగ్గర న్యూస్‌పేపరు పీలికలు జిగురుతో అంటించి, బాగా ఆరాక వార్నిష్ కొడతారు. మూడు నాలుగు వారాల పని. ఎక్కువ భాగం ఎండే చేస్తుంది.

ఇందులో గొప్ప ఏమిటంటే అది వాడి కొలతకి వస్తుంది. వాడి తొడ పొడవెంతో సీటు అంత, మడమ నుంచి మోకాలి దాకా ఎంతో కాళ్ళు అంత. కాళ్ళు కత్తెరలా పెనవేసుకుంటే మధ్యలో చిన్న దిమ్మ. ముందు ఒక బల్ల, మోచేతులు ఆనడానికి. ఇక్కడ మీ చదువు అక్షరాలా కావాలి, ఆ కొలతలు ఊళ్ళో ఇంకెవరూ తీయలేరు. తర్వాత పని ఊరివాళ్ళది. వాడి మామయ్యలనీ, పక్కింటి పిల్లల్నీ అట్టలు పోగుచేయమనండి. హైదరాబాద్ నుంచి వచ్చే ఆసుపత్రి వీల్‌చైరు పెద్దవాళ్ళ కొలత. అందులో వాడు పక్కకి ఒరిగి వెన్ను ఇంకా వంకరపోతుంది. ముందు చిన్న చక్రాలు ఎర్రమట్టిలో దిగబడతాయి. నేను పనిచేసిన ఊళ్ళో అలా వచ్చిన కుర్చీల్లో ఒకటి నీళ్ళ క్యాన్లు మోసే బండయింది, ఇంకోటి చర్చి గుమాస్తాగారి ఆసనమయింది. మీ స్నేహితుల్ని వాటి రవాణా ఖర్చు మాత్రం పంపమనండి. కాగితపు కుర్చీకి శత్రువులు వాన, చెదలు, ఎలుకలు. రాత్రి లోపల పెట్టాలి, పైపూత ఆరు నెలలకోసారి వేయాలి. పిల్లాడు పెరిగితే కొత్తది చేయాలి, అప్పటికి మీరు లేకపోయినా చేసేవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. కుర్చీ ఆరేదాకా ఆగక్కర్లేదు. మామిడిచెట్టు కింద మట్టిలో వాడి నడుము దాకా వచ్చే గుంట తీసి, అంచుకి బట్ట వేసి కూర్చోబెట్టినా కూర్చుంటాడు. ముఖ్యంగా వాడు ఆ చీకటి గదిలోంచి చెట్టు కిందికి వస్తాడు. కోళ్ళు తిరుగుతుంటాయి, పిల్లలు వచ్చి గిల్లుతారు, పోయేవాళ్ళు పలకరిస్తారు. 2010లో నైజీరియాలో అబుజా సదస్సులో విడుదలైన సీబీఆర్ మార్గదర్శకాల్లో ఐదు భాగాలున్నాయి: ఆరోగ్యం, చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత. ఆరోగ్యం అందులో ఒకటి మాత్రమే, మన ఫిజియోథెరపీ అందులో ఒక మూల. ఆ గుంటలో కూర్చున్న పిల్లాడికి ఐదూ ఒక్కసారే మొదలవుతాయి.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిదీ ఉంది, దాచను. "సముదాయం చూసుకుంటుంది" అని సెమినార్లలో తేలిగ్గా అంటారు. విప్పి చూస్తే ఆ సముదాయం అంటే ఒక తల్లి, ఒక అమ్మమ్మ, జీతం లేని ఒక వాలంటీరు అమ్మాయి. నీళ్ళు, కట్టెలు, చేను, నలుగురు పిల్లలు, వాటి మధ్య మనం వెళ్ళి రోజుకి రెండు గంటల వ్యాయామం రాసిస్తాం. వాలంటీరుకి ఇచ్చేది సైకిలు, సబ్బు, టీషర్టు. కొన్నాళ్ళకి పట్నంలో పని దొరికితే వెళ్ళిపోతుంది, వెళ్ళాల్సిందే. కాబట్టి విడిగా వ్యాయామం పెట్టకండి. స్నానం చేయించేటప్పుడు కాళ్ళు విడదీయడం, వీపున కట్టుకునేటప్పుడు తొడలు నడుముకి ఇరుపక్కలా వచ్చేట్టు కట్టుకోవడం, ఎత్తుకునేటప్పుడు ముడిచి ఎత్తడం. ఎలాగూ చేసే పనుల్లోనే కలపండి. వారంలో ఒకరోజు ఇలాంటి పిల్లల తల్లులు ఐదారుగురు ఒకచోట కూర్చునేట్టు చూడండి. అక్కడ పొదుపు సంఘాలు మనవైపులాగే బలంగా ఉన్నాయి, పెట్టె, తాళం, పుస్తకం అన్నీ ఉంటాయి. మన వెలుగు పథకంలో వికలాంగుల సమాఖ్యలు పొదుపు పుస్తకం చుట్టూ నిలబడ్డట్టే అవీ నిలబడతాయి. వికలాంగుల బృందాలకి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక గ్రాంటు కూడా ఉంది, సీడీఓని అడగండి. వ్యాయామం నేర్చుకోవడానికి రాని తల్లి పొదుపు కట్టడానికి తప్పకుండా వస్తుంది. వచ్చి, పక్కావిడ పిల్లాణ్ణి ఒళ్ళో ఎలా కూర్చోబెట్టుకుందో చూస్తుంది. నాకంటే, మీకంటే మంచి టీచరు ఆవిడే.

వాట్సాప్ గ్రూపుల్లో ఆ పిల్లల ఫొటోలు పెట్టి చందాలు అడగకండి. అడగాలనిపిస్తే కుర్చీ ఫొటో పెట్టండి, ఖాళీ కుర్చీదే.

ముందు ఈ ఆదివారం. తూకం, ఒక లోతు తక్కువ చెంచా, అరకిలో వేరుశనగ ముద్ద, కొలతల టేపు, ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు. పెట్టెలు ముందు వాడి మామయ్య చేతికివ్వండి. నెలాఖరుకి వాడి బరువెంతో నాకు రాయండి.